ఇరవై ఒకటో ముద్ద

మా ఇంట్లో ఎడం చేత్తో అన్నం పెట్టరు. జరిగిందంతా ఆ ఒక్క పట్టింపు వల్లే జరిగింది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మా ఆయన సోమరాజు క్రేన్ ఆపరేటర్. బహ్రెయిన్‌లో ఓడలు బాగుచేసే ఒక యార్డులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నారు. పైన గాజు గదిలో కూర్చుని, ఎంత బరువైనా సరే పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెల్లగా దింపుతారని ఆయన స్నేహితులు చెబుతారు. నేను చూడలేదు. ఇంట్లో మాత్రం ఆయన చేతిలోంచి జారిపడని గ్లాసు లేదు. ఆ నాజూకంతా కంపెనీకే ఇచ్చేసి వస్తారని దెప్పుతూ ఉండేదాన్ని.

కిందటి డిసెంబరులో వాన పడింది. ఈ దేశంలో ఏడాది మొత్తం మీద నాలుగు రోజులు వాన పడుతుంది, ఆ నాలుగు రోజులకీ ఎవరూ సిద్ధంగా ఉండరు. గుదైబియాలో మా బిల్డింగు మెట్లకి నున్నటి టైల్స్ వేశారు. కింద టీలు, పాలు అమ్మే కెఫెటీరియాలో పాలు తెస్తానని దిగిన మనిషి మూడో మెట్టు మీద జారి, కుడి చేతి మీద పడ్డారు. మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు బిగించారు. ఎముక బాగానే అతుక్కుంది గాని వేళ్ళు మాట వినడం మానేశాయి. నరం నలిగిందని, ఓపిగ్గా కసరత్తు చేస్తే ఆరు నెలల్లో పట్టు రావచ్చని డాక్టరు చెప్పాడు. రాకపోతే ఏంటని నేనడిగాను. డాక్టరు తన కాగితాల వైపు చూసుకున్నాడు.

కంపెనీవాళ్ళు జూన్ దాకా స్టోర్లో లైట్ డ్యూటీ ఇచ్చారు. జూన్ మొదటి వారంలో మళ్ళీ క్రేన్ పరీక్ష పెడతామన్నారు. క్రేన్ పిడికి వెనకవైపు ఒక మీట ఉంటుంది. దాన్ని వేళ్ళతో నొక్కి పట్టుకున్నంతసేపే క్రేన్ కదులుతుంది, వదిలితే బరువు ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. పైనున్నవాడికి గుండె ఆగినా కిందున్నవాడు బతకాలని ఆ ఏర్పాటు. పరీక్షలో ఆ మీటని నాలుగు నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. పట్టుకుంటే పాత సీటు. వదిలేస్తే ఆపరేటరుగా పనికిరారని రాసి, వీసా రద్దు చేసి పంపించేస్తారు. మా అమ్మాయి మధులిక పన్నెండో తరగతి మధ్యలో సామాన్లు సర్దుకోవాలి. సఖీర్ యూనివర్సిటీలో చేరాలని అది పెట్టుకున్న ఆశ గాల్లో కలిసిపోతుంది. అంతకంటే నా భయం వేరే. ఆ గాజు గది పోతే ఈ మనిషి ఏమైపోతారా అని.

ఇక తిండి సంగతి. కుడి చెయ్యి ముద్ద కలపలేదు. ఎడం చేత్తో ఆయన తినరు. పోనీ ఎడం చేత్తో స్పూను పట్టుకోండి అంటే, "ఎడం చెయ్యి ఎడం చెయ్యే. స్పూను తగిలిస్తే కుడిదైపోద్దేంటే?" అన్నారు. కాబట్టి చెయ్యి విరిగినప్పటినుంచి మూడు పూటలా నేనే కలిపి పెట్టాను. యాభై రెండేళ్ళ మనిషికి. చంటిపిల్లాడు నయం, చందమామని చూపిస్తే తింటాడు. ఈయనకి వార్తలు చూపించాలి.

వేళ్ళకి బలం రావాలని ఫిజియోథెరపీ అమ్మాయి పసుపు రంగు రబ్బరు బంతి ఇచ్చింది. రోజుకి మూడొందల సార్లు నొక్కమంది. ఈయన ముప్పై సార్లు నొక్కేవారు, బంతి దొర్లిపోయేది, అది దొర్లిందన్న వంకతో మానేసేవారు. రోజూ ఊడ్చేటప్పుడు సోఫా కిందే దొరికేది నాకు. అరిచాను, బతిమాలాను, రెండు రోజులు మాట్లాడ్డం కూడా మానేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మధు ఇదంతా చూసి చూసి, ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున తన వీడియో గేమ్ కంట్రోలరు తెచ్చి వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది. "బంతి బోరు కొడితే దీన్ని నొక్కు నాన్నా. వేళ్ళు ఆడితే చాలు కదా."

ఆ ఆట పేరు ఇంగ్లీషులో బారెడు ఉంది. మేం నది ఆట అనేవాళ్ళం. ఒక సైనికుడు యుద్ధంలో చచ్చిపోతాడు. చచ్చినవాళ్ళ నది దాటమంటే దాటను, ఇంటి దగ్గర పనుంది అంటాడు. పైకి రావాలంటే ఏడు గేట్లు, ఏడుగురు కాపలావాళ్ళు. మొదటి గేటులోనే నాలుగు చేతుల నల్లవాడొకడు, మనవాడు కళ్ళు తెరిచేలోగా కొట్టి పడేసేవాడు. వాణ్ణి దాటడానికి మా ఆయన అరవై మూడుసార్లు చచ్చారు. మధు లెక్కపెట్టింది. తన క్లాసులో పిల్లలు సగం మంది మూడో గేటు దగ్గరే ఆట మానేశారట. ఈయన మానలేదు. క్రేన్ ఎక్కేవాళ్ళకి తొందరుండదు. వాడు ఏ చెయ్యి ముందు ఎత్తుతాడు, ఎంతసేపటికి దించుతాడు అని చూస్తూ కూర్చునేవారు. చూడ్డం అయ్యాక ఒకే ఒక్కసారి కొట్టేవారు.

కంట్రోలరుకి రెండు వైపులా చూపుడువేళ్ళ కింద రెండు మీటలుంటాయి. ఎడం మీట సైనికుడి ఎడం చెయ్యి, కుడి మీట కుడి చెయ్యి. కుడి వేలు వంగదు కాబట్టి మధు కత్తిని ఎడం చేతికి మార్చేసింది. దానికి ఆయన అభ్యంతరం పెట్టలేదు. "నరకడానికి ఎడం చెయ్యి సరిపోద్ది" అన్నారు. కాపలావాడి ముందుకి వెళ్ళేముందు మాత్రం గోడ మీద క్యాలెండర్ చూసి రాహుకాలం దాటిందో లేదో అడిగేవారు. అది విజయవాడ టైము, రెండున్నర గంటలు తీసెయ్యాలని మధు అనేది. సూర్యుడు ఇక్కడి సూర్యుడే కదా, ఏమీ తియ్యక్కర్లేదని ఆయన అనేవారు. తండ్రీకూతుళ్ళ ఈ పంచాంగ శ్రవణం మధ్య ఒక్కోసారి నిజంగానే రాహుకాలం వచ్చేసేది.

రెండో గేటు ముందు, నది ఒడ్డున, ఇసుకలో ఒకడు కూర్చుని కనిపించాడు. డొక్కలు ఎండిపోయి, అరచెయ్యి చాచి ఉన్నాడు.

"వాణ్ణి వదిలెయ్ నాన్నా. కథకి సంబంధం లేదు" అంది మధు.

"ఏం అడుగుతున్నాడు?"

"అన్నం. బియ్యం వెతికి తెచ్చి, వండి, చేత్తో పెట్టాలి. వాడు తినేదాకా మీట నొక్కి పట్టుకునే ఉండాలి. మధ్యలో వదిలితే ముద్ద ఇసకలో పడిపోద్ది, మళ్ళీ మొదట్నుంచి బియ్యం తేవాలి. ఇలాంటివాళ్ళు ఇరవై ఒక్క మంది ఉన్నారు ఆట మొత్తంలో. ఎవరూ చెయ్యరు."

"పెడితే ఏవిస్తాడు?"

"ఏమీ ఇవ్వడు. ఆకలితో వీళ్ళు తమ పేర్లు మర్చిపోయారంట. తిన్నాక గుర్తొస్తుంది. పేరు చెప్పి వెళ్ళిపోతారు, అంతే."

"అడిగినోడికి పెట్టకుండా ఎలాగెళ్ళిపోతాం?" అన్నారు.

బియ్యం రెండో గేటు అవతల దొరికాయి. దాన్ని గెలిచి, బియ్యం పట్టుకుని, వచ్చిన దారంతా వెనక్కి నడిచి వండారు. ముద్ద చేతిలోకి తీసుకున్నాక మధు, "ఎడం మీట నొక్కు. ఏ చేత్తో పెట్టినా తింటాడు" అంది. ఆయన ఎడం వేలు మీట మీద పెట్టి తీసేశారు.

"అన్నం ఎడం చేత్తో పెట్టమంటావేంటమ్మా?"

"నాన్నా, అది ఆట."

"ఆటైతే? వాడు తినేది అన్నవే కదా."

మధు నా వైపు చూసింది, నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఆయన మాటే సబబుగా తోచింది. ముష్టివాడికైనా కుడి చేత్తోనే వేస్తాం.

ఆయన కుడి చూపుడువేలిని ఎడం చేత్తో వంచి మీట మీద పెట్టుకుని నొక్కారు. ముద్ద పడిపోయింది. మళ్ళీ వెనక్కి వెళ్ళడం, దారిలో బల్లుల్లాంటి రాక్షసుల్ని ఎడం చేత్తో నరకడం, బియ్యం తేవడం, వండటం, నొక్కడం, పడిపోవడం. పదకొండుసార్లు అయింది. పన్నెండోసారి వేలు ఐదు సెకన్లు నిలబడింది. వాడు తిన్నాడు, లేచాడు, తాను విశాఖుడనే కుమ్మరినని చెప్పి నదిలోకి నడిచి వెళ్ళిపోయాడు. మా ఆయన మధుని అడిగి ఒక నోట్‌బుక్ తీసుకుని, ఒకటి అని అంకె వేసి, ఆ పేరు కుడి చేత్తో రాసుకున్నారు. కోడి కెలికినట్టుంది.

అలా మొదలైంది. రంజాన్ నెలలో డ్యూటీ ఆరు గంటలే కాబట్టి మధ్యాహ్నం రెండున్నరకల్లా ఇంటికొచ్చి, నా చేత అన్నం పెట్టించుకుని తిని, నది ఒడ్డుకి వెళ్ళిపోయేవారు. ఒకడు నువ్వులన్నం కావాలనేవాడు, ఒకామె పెరుగన్నం. నువ్వులు మూడో గేటు పైకప్పు మీద, పెరుగు పాముల గుహలో. ఎవరికి ఏది ఎక్కడ దొరుకుతుందో మధు నెట్‌లో చూసి చెప్పేది. ఒక్కొక్కరూ ముందువాళ్ళకంటే ఎక్కువసేపు తినేవాళ్ళు. ఎనిమిది సెకన్లు, పదిహేను, ఇరవై. పైగా నొక్కిన కొద్దీ ఆ మీట బిగుసుకుంటూ పోతుంది, అదొక కొత్త రకం యంత్రమట. నోట్‌బుక్‌లో పేర్లు పెరిగాయి. నేతగాడు, పడవవాడు, పురుట్లో పోయిన ఇల్లాలు. పదో పేరుకల్లా అక్షరాల తలకట్లు కుదురుగా కూర్చున్నాయి.

ఫిజియోథెరపీ అమ్మాయి ఏప్రిల్లో చెయ్యి చూసి, బంతి బాగా నొక్కుతున్నారని మెచ్చుకుంది. ఈయన అవునండీ అన్నారు. బంతి అప్పుడు కూడా సోఫా కిందే ఉంది.

ఏప్రిల్ నెలాఖరున ఒక శుక్రవారం మధ్యాహ్నం ఏడో కాపలావాణ్ణి ఎడం చేత్తోనే పడగొట్టారు. ఆట ముగిసింది, దాన్ని తయారుచేసినవాళ్ళ పేర్లన్నీ తెర మీద వచ్చాయి. మధు గెంతులేసింది, నేను సేమ్యా పాయసం చేశాను. పీడా పోయింది, ఇక బంతి పడతారనుకున్నాను. పాయసం తాగి, మూతి తుడుచుకుని ఆయన మళ్ళీ కంట్రోలరు పట్టుకున్నారు.

"అయిపోయిందిగా ఆట" అన్నాను.

"ఇంకా ఎనిమిది మంది ఉన్నారే ఆకలితో."

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంట్లో వండిపెట్టే మనిషి నెల రోజుల్లో ఏమవుతుందో తెలియక గుండె చేత్తో పట్టుకుని కూర్చుంటే, ఈయన బొమ్మలకి సంతర్పణ చేస్తున్నారు. ఆ మాటే అనేశాను. ఆయన మీట నొక్కుతూనే ఉన్నారు. మర్నాడు పద్నాలుగో పేరు రాసుకున్నారు.

మే చివరికి ఇరవై మంది అయ్యారు. మిగిలింది ఒక్క ముసలమ్మ. ఏడో గేటు బయట రాతి అరుగు మీద కూర్చుని ఉంటుంది. పళ్ళు లేవు. మూడు నిమిషాలు తింటుంది. నమలడం, ఆగడం, మన వైపు చూడటం, మళ్ళీ నమలడం. నిమిషం దాటాక ఆయన వేలు వణికేది, నిమిషన్నరకి ముద్ద అరుగు మీద పడేది. ముసలమ్మ పడిన ముద్ద వైపు చూసి చెయ్యి చాపుకునే ఉండేది. ఆ చూపు నేను వంటింట్లోంచి కూడా చూడలేకపోయేదాన్ని.

"మరీ పట్టుదల వద్దు నాన్నా" అంది మధు ఒక సాయంత్రం.

"పట్టుదల కాదమ్మా" అన్నారాయన, చెయ్యి దులుపుకుంటూ. "క్రేన్ మీట ఇంతకంటే మెత్తనే. ఈవిడకి మూడు నిమిషాలు పెట్టగలిగితే అక్కడ నాలుగు నిమిషాలు పట్టుకుంటాను. పెట్టలేకపోతే పరీక్షకి వెళ్ళి నలుగురిలో నవ్వులపాలవడం దేనికి? ముందే రాసిచ్చేసి ఇంటికి పోదాం."

అంత మాట ఆయన నోట విన్నది అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ కాలక్షేపం అనుకున్నాను. ఆ ముసలమ్మతో మా ముగ్గురి బతుకూ ముడిపెట్టుకున్నారని తెలిశాక ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

పరీక్ష బుధవారం. ఆదివారం పొద్దున ఆయన స్టోరుకి, మధు బడికి వెళ్ళారు. టీవీ ముందు దుమ్ము తుడుస్తుంటే కంట్రోలరు మీద గుడ్డ పడి తెర వెలిగింది. ముసలమ్మ. ఆయన ముందురోజు వండిపెట్టుకున్న అన్నం సైనికుడి చేతిలో సిద్ధంగా ఉంది. నాలుగు నెలలు చూశాను కాబట్టి ఏది నొక్కాలో నాకూ తెలుసు.

ఎందుకు చేశానంటే ఒక కారణం కాదు. ఆ చాచిన చెయ్యి చూడలేకపోవడం ఒకటి. ఈవిడ లేచి వెళ్ళిపోతే ఈయన మనసులో పెట్టుకున్న ఆ దిక్కుమాలిన షరతు కూడా పోతుంది, నేరుగా పరీక్షకి వెళతారు అనుకోవడం ఒకటి. మూడోది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆరు నెలలుగా మూడు పూటలా ముద్దలు పెడుతున్న చెయ్యి నాది, ఈ మాత్రం నేను చెయ్యలేనా అన్న పొగరు.

కుడి చేత్తోనే నొక్కాను. ముసలమ్మ తినడం మొదలుపెట్టింది. అర నిమిషం బాగానే ఉంది. నిమిషానికి వేలు మొద్దుబారింది. మీట లోపలినుంచి ఎవరో తోస్తున్నట్టు ఎదురొచ్చింది. రెండు నిమిషాలకి మోచేతి దాకా మంట. నాది ఏ దెబ్బా తగలని చెయ్యి. విరిగి, ప్లేటు బిగించి, నరం నలిగిన చేత్తో ఆయన రోజూ ఈ నొప్పి పడుతున్నారని, ఒక్కసారి కూడా అబ్బా అనలేదని అప్పుడు తెలిసింది నాకు. బొమ్మలకి సంతర్పణ అన్నాను కదా. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, అలాగే పట్టుకున్నాను.

ముసలమ్మ తినేసింది. లేచింది. తెర మీద ఏదో అక్షరాలు వచ్చాయి. నేను కొంగుతో కళ్ళొత్తుకుని చూసేసరికి అరుగు ఖాళీగా ఉంది.

ఆయన సాయంత్రం వచ్చి, టీ తాగి, ఆట పెట్టారు. అరుగు చూశారు. అటూ ఇటూ తిరిగి మళ్ళీ చూశారు.

"నేనే పెట్టానండీ" అన్నాను. "కుడి చేత్తోనే పెట్టాను."

ఆయన నా వైపు తిరగలేదు. "పేరేం చెప్పింది?" అన్నారు.

"చూడలేదు."

మధు పరిగెత్తుకొచ్చి వెనక్కి వెళ్ళే దారి ఉందేమోనని వెతికింది. లేదు. జరిగిందాన్ని ఆట దానంతటదే సేవ్ చేసేసుకుందట. మళ్ళీ ముసలమ్మ దాకా రావాలంటే మొదటినుంచి ఆడాలి, అది మూడు రోజుల్లో అయ్యే పని కాదు. నెట్‌లో ఆవిడ పేరు చూసి చెబుతానంది మధు.

"వద్దమ్మా" అన్నారాయన. "మనం పెట్టినప్పుడు చెప్పాలి గాని, ఎవరినో అడిగి రాసుకునేది కాదు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఇరవై రెండేళ్ళ కాపురంలో తిట్టని మనిషి ఆ రోజు మాత్రం ఎందుకు తిడతారు. రాత్రి భోజనానికి నేను అన్నం కలుపుతుంటే కంచం తనవైపు లాక్కున్నారు. కుడి చెయ్యి పప్పన్నంలో పెట్టారు. వేళ్ళు దగ్గరకొచ్చాయి గాని ముద్ద గట్టిగా రాలేదు. నోటి దాకా వెళ్ళింది సగం, బల్ల మీద పడింది సగం. గంటసేపు తిన్నారు. డిసెంబరు తర్వాత ఆ చెయ్యి ఆయన నోటికి అన్నం అందించడం అదే మొదలు. మామూలుగా అయితే నేను కొబ్బరికాయ కొట్టాల్సిన రోజు. కోపంతో తింటున్నారు కాబట్టి ఎదురుగా కూర్చుని పడిన మెతుకులు ఏరాను, అంతే. సోమవారమూ అలాగే తిన్నారు. మంగళవారం మెతుకులు తక్కువ పడ్డాయి. నాతో ఉప్పు, నీళ్ళు, మజ్జిగ అన్న మాటలు తప్ప లేవు.

మంగళవారం సాయంత్రం నేనే ఉండబట్టలేక అడిగాను. "రేపు వెళ్తారా, రాసిచ్చేస్తారా?"

"తెలీదు" అన్నారు. "నువ్వు తెలుసుకోనిచ్చావా?"

అది న్యాయమైన మాటే. క్షమించండి అన్నాను. ఆయన తలూపారు గాని క్షమించినట్టు కనబడలేదు.

బుధవారం పొద్దున ఐదున్నరకి యూనిఫాం వేసుకున్నారు. స్టోరుది కాదు, క్రేన్‌ది, ఆరు నెలలుగా నేను మడతపెట్టి ఉంచింది. బొత్తాలు తనే పెట్టుకున్నారు. మధు బడికి వెళ్ళనని మొండికేసింది, నేనూ బలవంతపెట్టలేదు. మేమిద్దరం టీవీ పెట్టుకోకుండా కూర్చున్నాం. ఫోను చెయ్యరని తెలుసు, పని వేళల్లో ఆయన ఫోను ముట్టుకోరు. పదకొండుకి అన్నం వండాను, వంకాయ కూర చేశాను. పన్నెండున్నరకి తలుపు చప్పుడైంది.

బూట్లు విప్పుకుని, కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. మధు ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"శనివారం నుంచి సీటు ఎక్కమన్నారు" అన్నారు.

మధు ఏడ్చేసింది. నేను గిన్నె పట్టుకుని ఉన్నాను కాబట్టి కదలకుండా నిలబడ్డాను.

నెమ్మదిగా చెప్పారు. పరీక్ష పెట్టినాయన ఒక బహ్రెయినీ పెద్దాయన, పద్దెనిమిదేళ్ళుగా ఈయన్ని ఎరిగినవాడే. మంచివాడే గాని గడియారం విషయంలో ఎవరినీ ఎరగడు. కిందనుంచి యల్లా, ఇక కానివ్వు అని చెయ్యి ఊపాడు. బరువు లేపి, డ్రమ్ముల వరస మధ్యలోంచి తిప్పి, ముగ్గు వేసినట్టు గీసిన గడిలో దించాలి. రెండు నిమిషాలు బాగానే జరిగింది. మూడో నిమిషంలో వేలు వణకడం మొదలైంది.

"అప్పుడేం చేశారు?" అన్నాను.

"ఆవిడ ఇంకా తింటందనుకున్నాను" అన్నారు. "పళ్ళు లేవు కదా. తొందరపెట్టకూడదు అనుకున్నాను. గడి లోపల బరువు ఆనేదాకా ముసలావిడ మొహవే కనపడింది నాకు."

నేను కంచం పెట్టి అన్నం వడ్డించాను. కలపడానికి అలవాటుగా నా చెయ్యి ముందుకెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది. ఆయన చెయ్యి అప్పటికే కంచంలో ఉంది. వంకాయ కూర కలుపుతున్నారు, నిదానంగా, ఒక్క మెతుకు కింద పడకుండా. మూడు పూటలా ముద్దలు పెట్టలేక చస్తున్నానని ఇరుగింటికీ పొరుగింటికీ చెప్పుకున్నదాన్ని. ఇప్పుడు నా చేతికి పని లేదు అనుకుంటే ఏడుపొచ్చింది. సంతోషంతోనే ఏడుస్తున్నానని మధు అనుకుంది. సంతోషం ఉంది, అదొక్కటే కాదు.

ఆయన ముద్ద చేసి చెయ్యి ఎత్తారు. తన నోటికి కాదు, బల్ల మీదుగా నా వైపు చాపారు.

"నాకెందుకండీ, మీరు తినండి" అన్నాను.

"తిను. పొద్దుట్నుంచి ఏం తినుండవు నువ్వు."

అది నిజమే. ముద్ద నోట్లో పెట్టించుకున్నాను. నేను నములుతున్నాను గాని ఆయన చెయ్యి దించలేదు. మెతుకులంటిన వేళ్ళు నా మొహం ముందు అలాగే చాపి ఉంచారు. వణుకుతున్నాయి. నొప్పి పుడుతోందని తెలుస్తూనే ఉంది, ఈ ఆదివారం నుంచి ఆ నొప్పి నాకూ తెలుసు. దించండి అందామంటే నోరు నిండా అన్నం. తొందరగా మింగబోతే, "మెల్లిగా" అన్నారు.

నేను మింగి, మంచినీళ్ళు తాగాక చెయ్యి దించారు. ఎడం చేత్తో టీవీ బల్ల మీది నోట్‌బుక్ లాగి, మధుని పెన్ను అడిగారు. కుడి చెయ్యి కడుక్కుని వచ్చి, ఇరవై ఒకటి అని అంకె వేసి నా వైపు చూశారు.

"పేరు?"

"మీకు తెలీదా?"

"తిన్నవాళ్ళు చెప్పాలి" అన్నారు, ముఖంలో నవ్వు లేకుండా.

మధు ముక్కు తుడుచుకుంటూ మా ఇద్దరినీ చూస్తోంది. ఇంట్లో ఏమే, ఒసే, మధూ వాళ్ళమ్మా అన్న పిలుపులే తప్ప ఆ పేరు ఎవరైనా పలికి ఎన్నాళ్ళయిందో నేను లెక్కపెట్టలేదు.

"జయశ్రీ" అన్నాను.

ఆయన రాసుకున్నారు. శ్రీ దగ్గర కాస్త వంకర పోయింది, దాన్ని కొట్టేసి మళ్ళీ రాశారు. తర్వాత కంచం దగ్గరకి లాక్కుని, చల్లారిపోయిన అన్నం తినడం మొదలుపెట్టారు.